రసాయన శాస్త్ర విద్యార్థుల్లో ప్రశ్నించే బుద్ధిని పెంచడం ఎలా? ఉపాధ్యాయులకు సమగ్ర మార్గదర్శి

నీళ్లు సలసల మరిగేటప్పుడు గిన్నె అడుగు నుంచి లేచే పెద్ద బుడగల్లో ఏముంటుంది? ఇంటర్మీడియట్ తరగతిలో ఈ ప్రశ్న అడిగి, జవాబును కాగితం మీద రాయమనండి. కొందరు గాలి అని రాస్తారు. హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసేవాళ్లూ ఉంటారు. మోల్ లెక్కలు చకచకా చేసే పిల్లలు, సమీకరణాలను ఇట్టే తుల్యం చేసే పిల్లలు కూడా ఇలా రాస్తారు. మరిగే నీటి నుంచి నిజంగానే హైడ్రోజన్, ఆక్సిజన్ వెలువడుతుంటే, కింద మంట వెలిగే ప్రతి వంటగదీ ప్రమాదస్థలం అయ్యేది. హైడ్రోజన్ మండుతుందని వాళ్లు పాఠంలో చదివారు. నీళ్లు మరగడం రోజూ చూస్తున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ బుడగల్లో ఉండేది నీటి ఆవిరే.

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ వరకు రసాయన శాస్త్రం బోధించేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. ఇందులో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విమర్శనాత్మక ఆలోచన నేర్పడానికి ప్రత్యేక పీరియడ్ అక్కర్లేదు, కొత్త పాఠ్యపుస్తకం అక్కర్లేదు. ఉన్న పాఠంలో క్రమం మారిస్తే చాలు. ఇప్పుడు మనం ముందు సూత్రం చెబుతాం, తర్వాత ఉదాహరణ ఇస్తాం, వీలైతే చివర్లో ప్రయోగం చూపిస్తాం. అప్పటికే జవాబు తెలిసిపోయింది కనుక ఆ ప్రయోగాన్ని ఎవరూ శ్రద్ధగా చూడరు. జవాబును కొంతసేపు ఆపి, ఆధారాన్ని ముందుకు తీసుకురండి. ఆ కొంతసేపట్లోనే పిల్లలు ఆలోచించడం మొదలుపెడతారు.

## మొదటి మెట్టు: వల్లించలేని ప్రశ్నను వెతకండి

"ఆమ్లాల ధర్మాలు రాయండి" అన్న ప్రశ్నకు జవాబు పుస్తకంలో ఉంటుంది. విద్యార్థి పేజీని గుర్తు చేసుకుంటే పని అయిపోతుంది. దానికి బదులు ఇలా అడిగి చూడండి: "10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత?" సూత్రంలో అంకె వేసినవాళ్లకు 8 వస్తుంది, అంటే 7 దాటి క్షారం వైపు. అక్కడ ఆగి, "ఆమ్లాన్ని నీళ్లతో పలచన చేస్తూ పోతే అది క్షారం అవుతుందా?" అని అడగండి. తరగతి కాసేపు నిశ్శబ్దమవుతుంది. నీటికి తనవైన హైడ్రోజన్ అయాన్లు లీటరుకు 10⁻⁷ మోల్ ఉంటాయని ఎవరో ఒకరు గుర్తు చేస్తారు. ఆ సమతాస్థితిని కలిపి లెక్క కడితే సుమారు 6.98 వస్తుంది. సూత్రాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు ఆగి చూడాలో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

మంచి ప్రశ్నకు రెండు లక్షణాలు ఉండాలి. మొదట తోచే జవాబుకూ, విద్యార్థికి అప్పటికే తెలిసిన మరో విషయానికీ పొసగకూడదు. ఆ చిక్కును విప్పడానికి కావలసిన సరుకు అంతా అప్పటికి చదివిన పాఠాల్లోనే ఉండాలి. పై తరగతి విషయం తెలిస్తే తప్ప తేలని ప్రశ్న పిల్లలను చిన్నబుచ్చుతుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు కొవ్వొత్తి ప్రయోగం చక్కగా సరిపోతుంది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లిస్తే నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయింది కనుక నీళ్లు అయిదో వంతు ఎక్కాయని చాలాచోట్ల చెబుతుంటారు. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి. నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ మాత్రం ముందున్నంతే. గమనించి చూస్తే, గ్లాసు బోర్లించేటప్పుడు అంచుల నుంచి బుడగలు బయటికి పోతాయి. మంట ఆరిపోయాక నీళ్లు ఒక్కసారిగా ఎక్కుతాయి. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి, మిగిలినది చల్లారి సంకోచించడమే ఇక్కడ ప్రధాన కారణం. పైగా ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది. దాని స్థానంలో కార్బన్ డయాక్సైడ్ కూడా ఏర్పడుతుంది. ఇన్నేళ్లుగా వింటున్న వివరణను మూడు కొవ్వొత్తులతో పరీక్షించవచ్చని తెలిసినప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి.

## రెండో మెట్టు: చూడకముందే అంచనా రాయించండి

రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ అనే విజ్ఞాన విద్యా పరిశోధకులు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఒకటుంది. ముందు అంచనా వేయాలి, తర్వాత గమనించాలి, ఆ పైన వివరించాలి. వినడానికి చాలా మామూలుగా అనిపిస్తుంది. దీని బలమంతా కాగితం మీద రాయడంలో ఉంది. నోటితో చెప్పిన అంచనాను ఫలితం చూశాక ఎవరైనా సులువుగా సవరించుకుంటారు. "నేనూ అదే అనుకున్నాను" అంటారు. రాసినది మారదు. తాను అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య దూరం విద్యార్థికి కనిపించాలి.

ఈ మెట్టుకు నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం, చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదని చెప్పే ద్రవ్యనిత్యత్వ నియమం మీద చేసేది. పుస్తకంలో ఒక పేరాలో ముగిసే పాఠమే ఇది. అయినా దీనికి రెండు పీరియడ్లు ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. కావలసినవి: అర లీటరు కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ సీసా, ఒక బెలూన్, 4 శాతం వెనిగర్ 50 మిల్లీలీటర్లు, వంట సోడా 2 గ్రాములు, కొంచెం దారం, స్కేలు, కనీసం 0.1 గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ త్రాసు.

1. వెనిగర్‌ను సీసాలో పోయండి. సోడాను బెలూన్‌లో వేసి, సోడా లోపల పడకుండా బెలూన్ మూతిని సీసా మూతికి బిగించండి. మొత్తాన్ని తూచి, బరువు బోర్డు మీద రాయండి.

2. "బెలూన్ ఎత్తి సోడాను వెనిగర్‌లో కలుపుతాను. వాయువు బయటికి పోదు. త్రాసు ఎంత చూపిస్తుంది? పెరుగుతుందా, తగ్గుతుందా, అంతే ఉంటుందా? కారణం ఒక వాక్యంలో రాయండి" అని చెప్పండి. అందరి చేతుల్లోని కలాలు ఆగేదాకా సోడా కలపవద్దు.

3. కలపండి. బెలూన్ ఉబ్బుతుంది. నురగ తగ్గగానే మళ్లీ తూచండి. ఆలస్యం చేస్తే కార్బన్ డయాక్సైడ్ రబ్బరు గుండా కొద్దికొద్దిగా బయటికి పోతుంది.

నియమం వచ్చినవాళ్లంతా "అంతే ఉంటుంది" అని రాసి ఉంటారు. త్రాసు మాత్రం అర గ్రాము, ఇంకా కాస్త ఎక్కువే తగ్గినట్టు చూపిస్తుంది. ఇక్కడ ఉపాధ్యాయుడికి నిగ్రహం కావాలి. కారణం చెప్పేయాలని నాలుక లాగుతుంది. ఆగండి. "నియమం తప్పా? త్రాసు తప్పా? మనం చేసినది తప్పా? ఇంకేమైనా ఉందా?" అని అడిగి, వచ్చిన ప్రతి కారణాన్నీ వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాయండి. సాధారణంగా మూడు వస్తాయి. వాయువు ఎక్కడో కారిపోయింది. వాయువుకు బరువు ఉండదు. ఉబ్బిన బెలూన్‌ను గాలి పైకి ఎత్తుతోంది.

తర్వాతి ప్రశ్న ఇదీ: "ఈ మూడింటిలో ఏది నిజమో తేల్చడానికి ఏం చేద్దాం?" బెలూన్ మూతి చుట్టూ సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూద్దామని ఎవరో అంటారు. చేయనివ్వండి. ప్రయోగాన్ని బెలూన్ లేకుండా, మూత బిగించిన సీసాలో చేద్దామన్న ఆలోచన వాళ్ల నుంచే వస్తే మరీ మంచిది. రాకపోతే మీరు అందించండి. సీసా మూతిలో పట్టే చిన్న పరీక్షనాళికలో సోడా వేసి, దాన్ని నిలువుగా లోపలికి దించి, మూత గట్టిగా బిగించి తూచండి. తర్వాత సీసాను వంచి సోడాను వెనిగర్‌తో కలపండి. మళ్లీ తూస్తే ఈసారి బరువు మారదు. దీనికి కూల్‌డ్రింక్ సీసానే వాడాలి, ఎందుకంటే అది వాయు పీడనం తట్టుకునేలా తయారైనది. మంచినీళ్ల సీసా, గాజు సీసా వాడకూడదు. సోడా 2 గ్రాములు దాటకూడదు. మూతను ఎవరి ముఖం వైపూ తిప్పకూడదు. చివర్లో మూతను నెమ్మదిగా వదులు చేయాలి.

రెండు సీసాల్లోనూ అదే చర్య జరిగింది, అంతే వాయువు పుట్టింది. ఒకదానిలో బరువు తగ్గింది, మరొకదానిలో తగ్గలేదు. వాయువుకు బరువు లేదన్న వాదన ఇక్కడితో పడిపోతుంది. తేడా ఒక్కటే, బెలూన్ ఉబ్బి చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టింది. ఇప్పుడు దారంతో బెలూన్ చుట్టుకొలత తీయించండి. అది దాదాపు గుండ్రంగా ఉండి చుట్టుకొలత 31 సెంటీమీటర్లు ఉంటే ఘనపరిమాణం సుమారు 500 మిల్లీలీటర్లు. గది ఉష్ణోగ్రత వద్ద లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు కనుక అర లీటరు గాలి 0.6 గ్రాములు తూగుతుంది. ఉత్ప్లవన బలం వల్ల త్రాసు ఆ మేరకు తక్కువ చూపింది. భౌతిక శాస్త్రం పీరియడ్‌లో చదివిన ఆర్కిమిడీస్ సూత్రం రసాయన శాస్త్రం లెక్కను సరిచేసింది. నియమం నిలబడింది. ఆ నిలబడటం ఇప్పుడు పిల్లలు తామే తేల్చుకున్న సంగతి.

## మూడో మెట్టు: ఆగండి, అడగండి, మళ్లీ ఆగండి

ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని, దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు నిడివిగా, ఆధారాలతో వస్తాయని, మాట్లాడని పిల్లలు కూడా నోరు విప్పుతారని అమెరికాకు చెందిన మేరీ బడ్ రో 1970ల్లో పరిశోధించి చూపించారు. మూడు సెకన్లు తరగతి గదిలో చాలా ఎక్కువ సేపుగా అనిపిస్తుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

జవాబు వచ్చాక "కరెక్ట్", "తప్పు" అనే మాటలను కాస్త వెనక్కి నెట్టి మూడు ప్రశ్నలు వేయండి. "అలా ఎందుకు అనుకున్నావు?" "దానికి ఏ ఆధారం చూశావు?" "ఏది కనిపిస్తే నీ మాట వెనక్కి తీసుకుంటావు?" వీటిలో మూడోది అన్నిటికంటే విలువైనది. ఏది చూసినా మారని అభిప్రాయానికి ప్రయోగంతో పని లేదు.

సరైన జవాబు చెప్పినవాళ్లను కూడా ఈ ప్రశ్నలే అడగండి. తప్పు చెప్పినప్పుడు మాత్రమే "ఎందుకు?" అని అడిగితే, ఆ మాట వినగానే తమ జవాబు తప్పని పిల్లలు అర్థం చేసుకుంటారు. "సారీ సార్" అని కూర్చుంటారు. ఆలోచన అక్కడితో ఆగిపోతుంది.

అరవై మంది ఉన్న తరగతిలో చర్చ ఎలా అని మీరు అడగవచ్చు. నాలుగు ఎంపికలున్న ప్రశ్న వేసి, జవాబు సంఖ్యను ఛాతీ దగ్గర వేళ్లతో చూపమనండి. పక్కవాళ్లకు కనిపించదు, మీకు కనిపిస్తుంది. అభిప్రాయాలు చీలితే, వేరే జవాబు చూపిన పక్కవాణ్ని రెండు నిమిషాల్లో ఒప్పించమని చెప్పి మళ్లీ వేళ్లు చూపమనండి. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల నుంచి పెద్ద తరగతుల్లో చేస్తున్నది దాదాపు ఇదే. మన బెంచీల తరగతులకు ఇది బాగా నప్పుతుంది.

## నాలుగో మెట్టు: కణాలను గీయించండి

రసాయన శాస్త్రం మూడు తలాల్లో నడుస్తుందని గ్లాస్గోకు చెందిన అలెక్స్ జాన్‌స్టోన్ వివరించారు. కంటికి కనిపించేది ఒకటి, కనిపించని కణాల ప్రపంచం రెండోది, సంకేతాలూ సమీకరణాలూ మూడోది. మన బోధన మూడోదానిలోనే తిరుగుతుంటుంది. అందుకే వారానికి ఒక్కసారైనా కలం పట్టి కణాలను గీయమనండి. మరిగే నీటి బుడగలో ఏముందో గీయాలి. ఉప్పు కరిగిన నీటిలో ఏముందో గీయాలి. మూసిన పాత్రలో నాలుగు హైడ్రోజన్ అణువులు, నాలుగు ఆక్సిజన్ అణువులు ఉండి చర్య జరిగితే చివరికి మిగిలేది గీయాలి. సమీకరణాన్ని తప్పు లేకుండా తుల్యం చేసిన విద్యార్థి, మిగిలిపోయే రెండు ఆక్సిజన్ అణువులను బొమ్మలో మరిచిపోతాడు. పరిమిత కారకం (ముందుగా అయిపోయి చర్యను ఆపేసే పదార్థం) అంటే ఏమిటో అతనికి తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో ఆ బొమ్మ చెబుతుంది.

## అయిదో మెట్టు: ప్రయోగశాలను రికార్డు పుస్తకం నుంచి విడిపించండి

ప్రాక్టికల్స్‌లో అసలు ఇబ్బంది ఎక్కడుందో అందరికీ తెలుసు. టైట్రేషన్‌లో మూడు రీడింగులు ఒకేలా ఉండాలని విద్యార్థి నేర్చుకున్నాడు. అందుకే ఒక్కసారి చేసి మిగిలిన రెండూ రాసేస్తాడు. మార్కులు అంకెల పోలికకు ఇస్తున్నంత కాలం ఇది ఆగదు. రీడింగులు 6.5, 6.8, 6.7 అని నిజాయతీగా రాసి, మొదటిది ఎందుకు తేడా వచ్చిందో వివరించిన పిల్లకు ఎక్కువ మార్కులు ఇవ్వండి. ఆ మాట మొదటి రోజే అందరికీ చెప్పండి.

తర్వాత ప్రయోగానికి ఒక ప్రయోజనం కల్పించండి. దుకాణంలో కొన్న వెనిగర్ సీసా మీద 4 శాతం ఎసిటిక్ ఆమ్లం అని ఉంటే, అది నిజమేనా? దాన్ని పది రెట్లు పలచన చేసి, 10 మిల్లీలీటర్లు తీసుకుని, ఫినాల్ఫ్తలీన్ సూచికతో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తే సుమారు 6.7 మిల్లీలీటర్లు పట్టాలి. 7.0 వచ్చిందనుకోండి. లేబుల్ తప్పా, మన కొలత తప్పా? బ్యూరెట్ మీద గీతల మధ్య దూరం ఎంత, పలచన చేసేటప్పుడు ఎంత పొరపాటు జరిగే వీలుంది, సోడియం హైడ్రాక్సైడ్ గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కనుక దాని గాఢతను ఆక్సాలిక్ ఆమ్లంతో సరిచూశామా? ఈ చర్చ జరిగాక ప్రమాణీకరణ అన్నది సిలబస్‌లో ఒక అంశంగా మిగలదు, విద్యార్థికి అవసరం అవుతుంది.

లవణ విశ్లేషణలో ఇంకా మంచి అవకాశం ఉంది. చాలామంది పిల్లలు లవణం రంగు చూసి, సీనియర్లు చెప్పింది విని, ముందే జవాబు నిర్ణయించుకుని పరీక్షలు రాస్తారు. ఒక రోజు ఇలా చేయండి. లవణం ఏదీ లేకుండా ఒక్క కుళాయి నీటిని తీసుకుని, సజల నత్రికామ్లం కలిపి, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించండి. మన బోరు నీళ్లలో, మున్సిపల్ నీళ్లలో క్లోరైడ్ మామూలే కనుక తెల్లగా పాలలా అవుతుంది. లవణంలో క్లోరైడ్ ఉందని రాసిన ప్రతి విద్యార్థీ, తాను లవణాన్ని కుళాయి నీళ్లలో కరిగించానా, స్వేదనజలంలోనా అని గుర్తు చేసుకోవాల్సి వస్తుంది. ఇక నుంచి ప్రతి పరీక్షతో పాటు రెండు సరిచూపులు తప్పనిసరి చేయండి. లవణం లేని నీటితో ఒకసారి, ఆ అయాన్ ఉందని ముందే తెలిసిన లవణంతో మరోసారి. అదనంగా పట్టేది అయిదు నిమిషాలు.

## ఆరో మెట్టు: ఇంటికి వచ్చే వాదనలను తరగతికి తెమ్మనండి

నీటి శుద్ధి యంత్రాలు అమ్మేవారు ఇళ్లలో చూపే ఒక ప్రదర్శన తెలుగు పట్టణాల్లో చాలామందికి పరిచయమే. రెండు గ్లాసులు పెడతారు. ఒకదానిలో కుళాయి నీళ్లు, మరొకదానిలో శుద్ధి చేసిన నీళ్లు. లోహపు కడ్డీలున్న చిన్న పరికరాన్ని ముంచి కరెంటు ఇస్తారు. కుళాయి నీళ్లు క్షణాల్లో గోధుమ, ఆకుపచ్చ రంగులతో బురదలా మారతాయి. శుద్ధి చేసిన నీళ్లు అలాగే తేటగా ఉంటాయి. "చూశారా, మీరు రోజూ తాగేది ఇదే" అంటారు. ఇంట్లోవాళ్లు భయపడిపోతారు.

పదో తరగతి విద్యార్థికి ఇది పూర్తిగా అందే సమస్య. ప్రశ్నలను ఇలా పేర్చండి. కరెంటు ఇవ్వక ముందు ఆ బురద నీళ్లలో ఉందా? లేకపోతే ఎక్కడి నుంచి వచ్చింది? కడ్డీలు ఏ లోహంతో చేసినవి? శుద్ధి చేసిన నీళ్లలో ఎందుకు రాలేదు? ఆ తర్వాత పరికరం తయారు చేయించండి. ఇంటి కరెంటు ముట్టుకోవద్దు, 9 వోల్టుల బ్యాటరీ చాలు. రెండు ఇనుప మేకులను తీగలతో బ్యాటరీకి కలిపి, స్వేదనజలంలో ముంచితే దాదాపు ఏమీ జరగదు. అదే స్వేదనజలంలో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచితే కొద్ది నిమిషాల్లో ఆకుపచ్చ, గోధుమ అవక్షేపం మొదలవుతుంది. తేట నీరూ శుభ్రమైన ఉప్పే కదా వేసింది, మరి మురికి ఎక్కడిది? ఆనోడ్‌గా ఉన్న మేకు కరిగి ఇనుప అయాన్లు వచ్చాయి, అవి హైడ్రాక్సైడ్‌లుగా మారాయి. ఇప్పుడు కుళాయి నీళ్లలో మేకుల బదులు పెన్సిల్ గ్రాఫైట్ కడ్డీలు ముంచండి. బుడగలు వస్తాయి, బురద రాదు. ప్రయోగం చేసే గదికి కిటికీలు తెరిచి ఉంచండి.

ఇక్కడే ఆగితే "కుళాయి నీళ్లు మంచివే" అనే మరో తొందరపాటు నిర్ణయానికి పిల్లలు వెళ్లిపోతారు. ఆ ప్రదర్శన నీటి మంచిచెడ్డలు తేల్చలేదన్నంత వరకే మన ప్రయోగం రుజువు చేసింది. నీళ్లు మంచివో కావో తేల్చాలంటే వేరే పరీక్షలు కావాలి. నల్గొండ, ప్రకాశం వంటి ప్రాంతాల పిల్లలకు ఇది వట్టి పాఠం కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. కరిగిన మొత్తం లవణాలకు ఈ హద్దులు 500, 2000 మిల్లీగ్రాములు. చేతిలో పట్టుకునే టీడీఎస్ (కరిగిన మొత్తం లవణాల) మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి మొత్తం లవణాలను అంచనా కడుతుంది. మరి మీటరు 400 చూపించిన నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే ఆ మీటరు పట్టుకుంటుందా? పట్టుకోలేదు. ఒక కొలత దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు అని అడగడం ఇంతకంటే సూటిగా నేర్పే ఉదాహరణ నాకు తెలియదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన, పటికనూ సున్నాన్నీ వాడే ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి నల్గొండ పేరే ఉంది. అందులో పటిక పనేమిటో, సున్నం పనేమిటో విడివిడిగా తేల్చే ప్రయోగాన్ని ఊహించి రాయమనడం ఇంటర్ విద్యార్థులకు మంచి ప్రాజెక్టు.

పీహెచ్ పెంచిన నీళ్లు తాగితే ఒంట్లో ఆమ్లం పోతుందన్న ప్రకటనలకు కూడా ఇదే వరుస పనికొస్తుంది. జీర్ణాశయ రసం పీహెచ్ ఎంతో తెలిసిన విద్యార్థి మిగిలినది తానే లెక్క వేయగలడు.

## ఏడో మెట్టు: చరిత్ర చెప్పేటప్పుడు సరైన చోట ఆపండి

శాస్త్రవేత్త పుట్టిన తేదీ, కనుగొన్న సంవత్సరం చెబితే చరిత్ర జ్ఞాపకశక్తి పరీక్ష అవుతుంది. ఆధారం చేతికొచ్చి, అర్థం ఇంకా తెలియని క్షణంలో కథ ఆపి, "మీరైతే ఏం చేసేవారు?" అని అడగండి.

ఆర్గాన్ కథ ఇందుకు అద్భుతంగా పనికొస్తుంది. గాలి నుంచి ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్ తీసేసి మిగిల్చిన నైట్రోజన్ లీటరుకు 1.2572 గ్రాములు తూగింది. నైట్రోజన్ సమ్మేళనాల నుంచి తయారు చేసిన నైట్రోజన్ 1.2505 గ్రాములే తూగింది. తేడా అర శాతం. ఇక్కడ ఆపండి. ప్రయోగ దోషం అని తరగతిలో సగం మంది కొట్టిపారేస్తారు. ఆ కొలతలు తీసిన బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ అలా వదలలేదు. కారణం తోచడం లేదని, ఎవరైనా సూచించగలరా అని 1892లో నేచర్ పత్రికలో బహిరంగంగా అడిగారు. 1894లో ఆయన, విలియం రామ్సే కలిసి ఆర్గాన్ ఉనికిని ప్రకటించారు. గాలి నుంచి తీసిన నైట్రోజన్‌లో కలిసి ఉన్న ఈ బరువైన వాయువే ఆ తేడాకు కారణం. అంతకు వందేళ్ల ముందే, 1785లో, కావెండిష్ గాలిలోని నైట్రోజన్‌ను పూర్తిగా చర్యలో ఖర్చు చేయబోయి, చివరికి ఏ చర్యకూ లొంగని చిన్న బుడగ మిగిలిందని నమోదు చేసి పెట్టారు. అర్థం కానిదాన్ని దాచకుండా రాసిపెట్టడం ఎందుకు ముఖ్యమో దీంతో పిల్లలకు చెప్పవచ్చు. టైట్రేషన్ రీడింగుల గురించి అయిదో మెట్టులో అన్నది ఇక్కడ మరింత బాగా అర్థమవుతుంది.

మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథలోనూ ఇలాంటి క్షణం ఉంది. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను నీలి రంగు గాఢతతో కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతిని కండరాల సారానికి వాడినప్పుడు రంగు రావలసిన వేగంతో రాలేదు. ఆపి అడగండి: "రసాయనం పాడైందా? పద్ధతి తప్పా? లేక కండరంలోనే ఏదో ఉందా?" ఆ ఆలస్యాన్ని వెంబడించినందువల్లే, ఆమ్లంలో నిలవని ఒక కొత్త సమ్మేళనం నెమ్మదిగా విడిపోతూ ఫాస్ఫేటును వదులుతోందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వెలుగులోకి వచ్చింది. సుబ్బారావు గొప్పవాడని చెప్పడం కంటే, ఆయన దేన్ని చూసి ఆగాడో చెప్పడం మన పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను.

## ఎనిమిదో మెట్టు: పరీక్షలను శత్రువుగా చూడకండి

"ఎప్‌సెట్, నీట్, జేఈఈ ఉన్నాయి, ఇంత సమయం ఎక్కడిది?" అన్న ప్రశ్న న్యాయమైనదే. తల్లిదండ్రులూ యాజమాన్యాలూ అడిగేది ర్యాంకు. అందుకే బిట్లనే వాడుకుందాం.

వంద బిట్లు చేయించే చోట నలభై చేయించండి. ప్రతి బిట్‌కూ సరైన ఎంపికతో పాటు మిగిలిన మూడింటిలో ఒక్కో దానికి ఒక వాక్యం రాయాలి: ఎలా పొరబడినవాడు ఈ ఎంపికను పెడతాడు? ఉదాహరణకు, మూసిన గాజు పాత్రలో ఒక గ్రాము ఘన అయోడిన్ ఉంది. వేడి చేస్తే అది పూర్తిగా ఆవిరైంది. పాత్ర చల్లారకముందే మొత్తం ద్రవ్యరాశి ఎంత అన్నది ప్రశ్న. "తగ్గుతుంది" అన్నవాడు వాయువు తేలికని అనుకున్నాడు. "పెరుగుతుంది" అన్నవాడు అణువుల వేగాన్నో, పీడనాన్నో బరువుగా పొరబడ్డాడు. బెలూన్ ప్రయోగం చేసిన పిల్లలు ఇక్కడ "పాత్ర సాగుతుందా సార్? అడిగింది ద్రవ్యరాశా, త్రాసు చూపే అంకా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి ఏ ప్రవేశ పరీక్షలోనూ వెనకబడడు.

తరగతి పరీక్షల్లో నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి వేరుగా పెట్టండి. చిన్న పట్టికలో ప్రయోగ ఫలితాలు ఇచ్చి నిర్ణయం చెప్పమనండి. నిర్ణయానికి ఒక మార్కు, ఎంచుకున్న ఆధారాలకు రెండు, ఆ ఆధారం ఆ నిర్ణయానికి ఎలా దారి తీస్తుందో చెప్పినందుకు ఒకటి. నిర్ణయం తప్పినా ఆధారం సరిగ్గా వాడితే మూడు మార్కుల వరకు వస్తాయి. దిద్దడానికి మొదట్లో ఎక్కువ సమయం పడుతుంది. నాలుగైదు కట్టలు దిద్దేసరికి చేయి తిరుగుతుంది.

## ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ వాడకూడదు

అన్ని పాఠాలకూ ఈ పద్ధతి సరిపోదు. మూలకాల సంకేతాలు, కర్బన సమ్మేళనాల నామకరణ నియమాలు మనుషులు చేసుకున్న ఒప్పందాలు. వాటిని ఊహించమనడం పిల్లల సమయం వృథా చేయడమే. అవి సూటిగా చెప్పి, అభ్యాసం చేయించి, కంఠస్థం వచ్చేలా చూడండి. బుర్రలో సరుకు లేకుండా ఎవరూ ఆలోచించలేరు.

పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాల పాఠం, ఇంటర్ మొదటి సంవత్సరంలో స్టాయికియోమెట్రీ, రసాయన సమతాస్థితి, రెండో సంవత్సరంలో విద్యుత్ రసాయన శాస్త్రం ఇందుకు అనువైనవి. ఒక్క యూనిట్ ఎంచుకుని, అందులో రెండు చోట్ల మాత్రమే క్రమం మార్చండి. మొదటి రోజుల్లో పిల్లలు "జవాబు చెప్పేయండి సార్" అని విసుగు చూపిస్తారు. చెప్పని ఉపాధ్యాయుడికి పాఠం రాదేమో అని అనుమానించేవాళ్లూ ఉంటారు. అందుకే ప్రతి చర్చ చివర, పీరియడ్ ముగియడానికి అయిదు నిమిషాల ముందు, తేలిన విషయాన్ని బోర్డు మీద స్పష్టంగా రాసి, పరీక్షలో ఎలా రాయాలో కూడా చెప్పండి. పిల్లలు రాసిన అంచనా కాగితాలను మాత్రం పారేయకండి. తేదీ వేసి ఒక కవరులో భద్రపరచి, టర్మ్ చివర ఎవరివి వాళ్లకు తిరిగి ఇవ్వండి. ఏ అభిప్రాయం ఏ ఆధారం చూసి మార్చుకున్నారో దాని కిందే రాయించండి.